ఇంట్లో కూర్చుని ఆర్థిక ప్రణాళికలో పీజీ: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: బీకాం చదివాను, పదేళ్లుగా బ్యాంకులో పని చేస్తున్నాను. ఆన్‌లైన్‌లో ఆర్థిక ప్రణాళిక మీద పీజీ చేస్తే, ఫీజు తీసుకుని సలహాలిచ్చే అర్హత వస్తుందా? సీఎఫ్‌పీ, నిస్మ్ పరీక్షలు అంటుంటారు, అవి ఎవరికి? (రాజమహేంద్రవరం నుంచి ఒక పాఠకుడు)

జవాబు: పీజీ పట్టా ఒక్కటే మీకు ఆ అర్హత ఇవ్వదు. పెట్టుబడుల మీద ఫీజు తీసుకుని సలహా చెప్పాలంటే పెట్టుబడుల మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ దగ్గర ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్‌గా నమోదు కావాలి. 2024 డిసెంబరు దాకా దానికి ఫైనాన్స్ సంబంధిత పీజీ, దాంతోపాటు ఐదేళ్ల అనుభవం అడిగేవారు. ఆ నెలలో వచ్చిన సవరణతో అనుభవం షరతు పోయింది, కామర్స్ డిగ్రీ ఉన్నా సరిపోతుంది. అంటే మీ బీకాంతోనే ఆ గడప దాటవచ్చు. ఇక రాయాల్సినవి సెబీ నెలకొల్పిన శిక్షణ సంస్థ నిస్మ్ పెట్టే పరీక్షలు రెండు: సిరీస్ టెన్-ఏ, టెన్-బీ. రెండింటిలోనూ 60 శాతం రావాలి, తప్పు జవాబుకు ఆ ప్రశ్న మార్కులో నాలుగో వంతు కోత పడుతుంది. సర్టిఫికెట్ చెల్లుబాటు మూడేళ్లు. దరఖాస్తును ముందు బీఎస్‌ఈ పరిశీలిస్తుంది. పాత నికర ఆస్తి నిబంధన స్థానంలో ఇప్పుడు డిపాజిట్ వచ్చింది. ఖాతాదారులు 150 మంది లోపు ఉంటే లక్ష రూపాయలు డిపాజిట్‌గా చూపించాలి.

మీ విషయంలో చిక్కు చదువు దగ్గర లేదు, ఉద్యోగం దగ్గర ఉంది. వేరే కొలువు చేసుకుంటూ 75 మంది ఖాతాదారుల దాకా పార్ట్‌టైమ్ సలహాదారుగా ఉండే వెసులుబాటు అదే సవరణలో ఇచ్చారు. కానీ ఇతరుల డబ్బు నిర్వహించే పనుల్లో, పెట్టుబడి సాధనాల గురించి సలహాలిచ్చే పనుల్లో ఉన్నవారికి అది వర్తించదు. బ్యాంకు కొలువులో ఉంటూ నమోదు దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. రాజీనామా చేసే నెల ఏదో ముందు అనుకుని, దానికి ఆరు నెలల ముందు పరీక్షలు ముగించండి.

కమీషన్ మీద మ్యూచువల్ ఫండ్లు అమ్మడం వేరే దారి. దానికి నిస్మ్ ఫైవ్-ఏ పరీక్ష రాసి మ్యూచువల్ ఫండ్ సంస్థల సంఘం యాంఫీ దగ్గర ఏఆర్ఎన్ (పంపిణీదారు నమోదు సంఖ్య) తీసుకోవాలి. అక్కడ 50 శాతం చాలు, తప్పులకు కోత లేదు. అయితే వ్యక్తిగా సెబీ దగ్గర నమోదైన సలహాదారు ఇలా కమీషన్ మీద అమ్మే పని చేయకూడదు.

సీఎఫ్‌పీ (సర్టిఫైడ్ ఫైనాన్షియల్ ప్లానర్) అన్నది ఎఫ్‌పీఎస్‌బీ అనే వృత్తి ప్రమాణాల సంస్థ ఇచ్చే ధ్రువపత్రం, విశ్వవిద్యాలయ పట్టా కాదు. రెగ్యులర్ మార్గంలో నాలుగు భాగాలుంటాయి: పెట్టుబడుల ప్రణాళిక, రిటైర్మెంట్–పన్నులు, రిస్కు–వారసత్వం, చివరికి అన్నీ కలిపి ఒక కుటుంబానికి పూర్తి ప్రణాళిక తయారుచేయడం. మరి పీజీ ఎందుకంటే, పెద్ద సంస్థల వెల్త్ విభాగాల్లో కొలువు కోసం, పన్నులూ వారసత్వ చట్టాలూ లోతుగా నేర్చుకోవడం కోసం. ఆ రెండింటిలో ఒకటి కావాలనుకుంటే చేరండి. సెబీ నమోదు కోసమే అయితే రెండేళ్లు, ఆ ఫీజూ ఖర్చు పెట్టకండి.

ప్రశ్న: మా అమ్మాయికి రోజూ ఫోన్లు. "ఆన్‌లైన్ ఎంబీఏ ఫైనాన్స్, ఇవాళ కడితే సగం ఫీజే" అంటున్నారు. అసలుదో నకిలీదో ఎలా తెలుస్తుంది? (ఖమ్మం నుంచి ఒక తల్లి)

జవాబు: ఆ ఫోన్ చేసినవారిని ఒకటే అడగండి: "పట్టా మీద ఏ విశ్వవిద్యాలయం పేరుంటుంది, కోర్సు పేరు అక్షరాలా ఏమిటి?" ఆ రెండూ కాగితం మీద రాసుకుని యూజీసీ దూరవిద్యా విభాగం (డెబ్) వెబ్‌సైటు తెరవండి. విశ్వవిద్యాలయం పేరు కనిపించినంత మాత్రాన సరిపోదు. మీ అమ్మాయి చేరబోయే కోర్సుకు, చేరబోయే సెషన్‌కు, ఆన్‌లైన్ పద్ధతికి అనుమతి ఉందా అని చూడాలి. ఒకే విశ్వవిద్యాలయానికి ఎంకాంకు అనుమతి ఉండి ఎంబీఏకు లేకపోవచ్చు, జులైకి ఉండి జనవరికి లేకపోవచ్చు.

దూరవిద్యకూ ఆన్‌లైన్‌కూ తేడా ఉంది. రాష్ట్ర విశ్వవిద్యాలయాల దూరవిద్యకు భౌగోళిక పరిధి ఉంటుంది. ఎక్కడో రాష్ట్రం విశ్వవిద్యాలయం తరఫున మన ఊళ్లో "స్టడీ సెంటర్" అని బోర్డు పెట్టి చేర్చుకుంటున్నారంటే అక్కడే ఆగండి, ఫ్రాంచైజీలు పెట్టుకోవడానికి యూజీసీ ఒప్పుకోదు. పూర్తి ఆన్‌లైన్ కోర్సులకు మాత్రం ఆ పరిధి లేదు. రెండు పద్ధతుల్లోనూ, గుర్తింపు ఉన్న చోట పొందిన పట్టా రెగ్యులర్ పట్టాతో సమానమే.

2024 నుంచి చేరేవారు తమ డెబ్ ఐడీని తామే సృష్టించుకోవాలి. ముందు అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ (విద్యార్థి క్రెడిట్లు జమయ్యే ఖాతా) ఐడీ, ఆపై డెబ్ ఐడీ. "ఓటీపీ చెప్పండి, మేమే చేసేస్తాం" అనే మధ్యవర్తికి ఆ ఓటీపీ ఇవ్వకండి. ఫీజు విశ్వవిద్యాలయం పోర్టల్‌లోనే కట్టండి, వ్యక్తుల యూపీఐకి కాదు.

మన తెలుగువాళ్లకు తరచూ తగిలే ఇబ్బంది ఇంటిపేరుతో. పదో తరగతి సర్టిఫికెట్‌లో "కె" అని పొడి అక్షరం, ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పాన్‌లో ఇంటిపేరు చివర. ఐడీ దగ్గర ఒకసారి, పరీక్ష దగ్గర ఇంకోసారి, నిస్మ్ నమోదులో మళ్లీ ఒకసారి ఇదే అడ్డం పడుతుంది. ఫీజు కట్టక ముందే ఆధార్, పాన్ రెండూ ఒకేలా ఉండేట్టు దిద్దించండి. పట్టా మీద పేరు పదో తరగతి ప్రకారం వస్తుందా, ఆధార్ ప్రకారమా అని విశ్వవిద్యాలయానికి ఈమెయిల్ రాసి జవాబు దాచుకోండి.

ఇంకొక మాట. శిక్షణ సంస్థలు ఇచ్చే "పీజీ ప్రోగ్రామ్", "ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్" అన్నవాటిలో చాలావరకు సర్టిఫికెట్లే, పీజీ పట్టాలు కావు. నేర్చుకోవడానికి మంచివి ఉండవచ్చు, కానీ పీజీ ఉండాలనే ఉద్యోగ ప్రకటనకు వాటితో దరఖాస్తు చేస్తే తిరస్కరిస్తారు.

ప్రశ్న: వీడియో పాఠాలన్నీ రెండుసార్లు చూశాను. అయినా మాక్ టెస్టులో రిటైర్మెంట్ లెక్కలు తప్పుతున్నాయి. ఎక్కడ పొరపాటు చేస్తున్నాను? (హైదరాబాద్ నుంచి ఒక ఐటీ ఉద్యోగి)

జవాబు: వీడియోలో లెక్క కట్టేది పాఠం చెప్పేవారు, మీరు కాదు. అందుకే చూస్తున్నంతసేపూ అంతా వచ్చినట్టే ఉంటుంది, ఖాళీ ఎక్సెల్ షీటు ముందు కూర్చోగానే చెయ్యి ఆడదు. ఒక లెక్కను దగ్గర నుంచి చూద్దాం. పక్కన షీటు తెరిచి మీరూ కట్టండి.

ఇవాళ నెల ఖర్చు 40,000 రూపాయలు. రిటైర్మెంటుకు ఇంకా 20 ఏళ్లు. ద్రవ్యోల్బణం 6 శాతం. ఆ తర్వాత 25 ఏళ్లు జీవితం, ఆ కాలంలో పెట్టుబడి మీద రాబడి 8 శాతం. రిటైరయ్యే రోజున ఎంత నిధి ఉండాలి?

ఏడాది ఖర్చు 4,80,000. దీన్ని 20 ఏళ్లు 6 శాతంతో పెంచితే 3.2071 రెట్లయి 15,39,425 రూపాయలవుతుంది. ఇక్కడిదాకా ఎవరూ తప్పరు. తర్వాతి మెట్టులో ద్రవ్యోల్బణం పోను నిజ రాబడి కావాలి. చాలామంది 8లోంచి 6 తీసేసి 2 శాతం అంటారు. 1.08ని 1.06తో భాగించి 1 తీసేయాలి, వచ్చేది 1.8868 శాతం. ఆ చిన్న తేడాకే నిధి సుమారు 3 లక్షల 77 వేలు తక్కువ చూపిస్తుంది.

మూడో మెట్టు మరీ ముఖ్యం. ఇంటి ఖర్చుకు డబ్బు ఏడాది మొదట్లోనే కావాలి, ఏడాది చివర కాదు. ఎక్సెల్‌లో ముందు ముందు కావాల్సిన డబ్బుకు ప్రస్తుత విలువ కట్టే పీవీ ఫంక్షన్‌లో చివరి గడి "టైప్". అక్కడ 1 పెడితే ఏడాది మొదట్లో, 0 పెడితే లేక ఖాళీగా వదిలేస్తే చివర్లో అని అర్థం. 1 పెడితే నిధి దాదాపు 3 కోట్ల 10 లక్షలు. ఖాళీగా వదిలేస్తే 3 కోట్ల 4 లక్షల 58 వేలు. ఒక్క అంకె మరిచిపోయినందుకు ఐదున్నర లక్షలకు పైగా లోటు. పరీక్షలో ఇలాంటి తప్పు దారిలో వచ్చే అంకె కూడా ఆప్షన్లలో ఉండవచ్చు, కాబట్టి మీ జవాబు అక్కడ కనిపించగానే సరైనదే అనుకోవద్దు.

రెండో గొయ్యి నెలవారీ రేటు. ఏడాదికి నికరంగా 12 శాతం అని ప్రశ్నలో ఉంటే నెలకు 1 శాతం కాదు, 0.9489 శాతం. 1.12కు పన్నెండో మూలం తీసి 1 తగ్గిస్తే వచ్చేది అదే. నెలకు 10,000 చొప్పున 20 ఏళ్ల సిప్‌కు నెలాఖరు వాయిదాలతో 1 శాతం పెడితే 98.93 లక్షలు వస్తుంది, సరైన రేటు పెడితే 91.12 లక్షలు. ఏడు లక్షల ఎనభై వేలు గాలిలోంచి పుట్టాయన్నమాట. రేపు ఈ అంకె నమ్మి ఒక కుటుంబం పిల్ల చదువుకు ధైర్యంగా కూర్చుంటుంది, అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాం. ప్రశ్నలో "నెలవారీ చక్రవడ్డీతో 12 శాతం" అని స్పష్టంగా ఉంటే మాత్రం 1 శాతమే సరి. ఆ పదాల మీద గీత గీసుకునే అలవాటు చేసుకోండి.

వారానికి పది గంటలు చదువుకు దొరికితే వీడియోలకు మూడు గంటలు మించనివ్వకండి, ఆరు గంటలు లెక్కలకు ఇవ్వండి. మిగిలిన గంట తప్పుల పుస్తకానికి. తప్పిన ప్రతి లెక్క పక్కన కారణం రాయండి: టైప్ మరిచాను, నెల రేటు తప్పు, గుర్తు తప్పు (చేతి నుంచి పోయే డబ్బుకు మైనస్ పెట్టలేదు). నెల తిరిగేసరికి మీ తప్పుల్లో ఎక్కువ భాగం రెండు మూడు కారణాలకే చెందుతాయని మీకే కనిపిస్తుంది.

ప్రశ్న: మా అన్నయ్య 2023లో వాడిన నోట్సు ఉంది. దాంతో చదవవచ్చా? (గుంటూరు)

జవాబు: లెక్కల అధ్యాయాలు చదవండి, పన్నుల అధ్యాయం పక్కన పెట్టేయండి. 2024 జులై 23 నుంచి లిస్టెడ్ షేర్లు, ఈక్విటీ ఫండ్ల మీద దీర్ఘకాలిక లాభంపై పన్ను 10 నుంచి 12.5 శాతం అయింది, స్వల్పకాలికం 15 నుంచి 20కి పెరిగింది. దీర్ఘకాలిక మినహాయింపు ఏడాదికి లక్ష నుంచి 1.25 లక్షలకు మారింది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయ పన్ను చట్టం వచ్చి సెక్షన్ల నంబర్లే మారాయి. మీ పరీక్ష ఏ తేదీ నాటి చట్టం ప్రకారమో సిలబస్ మొదటి పేజీల్లో చూసుకుని, ఆ తేదీకి తగిన పుస్తకమే కొనండి.

వారసత్వ అధ్యాయంలో ఆలిండియా నోట్సు వదిలేసేది ఒకటుంది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లలకు సమాన హక్కు దేశమంతటా 2005 సవరణతో వస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లలకు 1985 సెప్టెంబరు 5 నుంచే వచ్చింది. రేపు మీ దగ్గరికొచ్చే తెలుగు కుటుంబాల పాత పంపకాల కాగితాలు చూడాలంటే ఈ రెండు తేదీలూ కావాలి. నామినీ అంటే వారసుడు కాదన్న సంగతి కూడా గట్టిగా చదవండి. కంపెనీ షేర్ల విషయంలో సుప్రీంకోర్టు 2023 డిసెంబరులో ఇదే తేల్చింది.

ప్రశ్న: ఇంటి నుంచే కెమెరా ముందు పరీక్ష రాయాలి. మా ఊళ్లో కరెంటు నిలకడగా ఉండదు. (పార్వతీపురం)

జవాబు: కేంద్రానికి వెళ్లి రాసే వీలుంటే విశాఖ బస్సెక్కండి, అదే క్షేమం. ఇంట్లోనే తప్పదంటే ల్యాప్‌టాప్ బ్యాటరీకి తోడు రౌటర్‌కు చిన్న యూపీఎస్ పెట్టండి. చాలాసార్లు ల్యాప్‌టాప్ బతికే ఉంటుంది, రౌటర్ ఆరిపోయి పరీక్ష తెగిపోతుంది. ఇంటర్నెట్ తెగితే ఎన్ని నిమిషాల్లో తిరిగి చేరాలో నిబంధనల్లో ముందే చదివి ఉంచుకోండి. కిటికీకి వీపు పెట్టి కూర్చుంటే ముఖం నల్లగా కనిపించి హెచ్చరికలు వస్తాయి, వెలుతురు ఎదురుగా ఉండాలి. పెదవులు కదుపుతూ చదివే అలవాటున్నా మానుకోండి.

నాలుగో వంతు కోత ఉన్న పరీక్షలో తెలియని ప్రశ్న వదిలేయాలా అని చాలామంది అడుగుతున్నారు. నాలుగు ఆప్షన్లలో ఒక్కటి తప్పని ఖాయంగా తెలిసినా రాయండి. అలాంటివి 12 రాస్తే సగటున 4 ఒప్పు, 8 తప్పు. వచ్చేవి 4 మార్కులు, పోయేవి 2. ఏమీ తెలియకుండా 16 గుడ్డిగా పెడితే సగటున మిగిలేది ఒక్క మార్కే, దానికి సమయం పాడుచేసుకోవద్దు.

ప్రశ్న: మెల్‌బోర్న్‌లో అకౌంట్స్ ఉద్యోగం. ఇక్కడ గ్రాడ్యుయేట్ డిప్లొమా ఆఫ్ ఫైనాన్షియల్ ప్లానింగ్ ఆన్‌లైన్‌లో చేస్తే సలహాదారును కాగలనా?

జవాబు: చదువు ఒక్కటే చాలదు. రిటైల్ ఖాతాదారులకు సలహా చెప్పాలంటే ఆమోదిత కోర్సు పూర్తిచేయాలి, అక్కడి నియంత్రణ సంస్థ ఏసిక్ పరీక్ష నెగ్గాలి, 1,600 గంటల ప్రొఫెషనల్ ఇయర్ (పర్యవేక్షణలో చేసే పని అనుభవం) చేయాలి. ఆ గంటల్లో 100 పద్ధతి ప్రకారం సాగే శిక్షణ. కోర్సు సాధారణంగా ఎనిమిది సబ్జెక్టులు, ఏడాదికి నాలుగు చొప్పున ఉద్యోగంతో పాటు రెండేళ్లలో అవుతుంది. చేరే ముందు ఆ కోర్సు, మీరు మొదలుపెట్టే తేదీకి, ఆమోదిత జాబితాలో ఉందో లేదో చూసుకోండి. విద్యార్హతల నిబంధనలు అక్కడ మారుతూ వస్తున్నాయి.

అక్కడ ఎక్కువమంది ఆగిపోయే అవకాశం ప్రొఫెషనల్ ఇయర్ దగ్గరే ఉంటుంది, ఎందుకంటే అది మీకై మీరు చేసుకునేది కాదు. మిమ్మల్ని పర్యవేక్షించే సలహాదారు, లైసెన్సు ఉన్న సంస్థ కావాలి. అందుకే నాలుగో సబ్జెక్టు అయ్యేసరికే పారాప్లానర్‌గానో (సలహాదారుకు ప్రణాళికలు తయారుచేసి ఇచ్చే సహాయకుడు), క్లయింట్ సర్వీస్‌లోనో ఒక సంస్థలో చేరిపోండి, జీతం కాస్త తగ్గినా. సూపరాన్యుయేషన్ (అక్కడి ఉద్యోగుల రిటైర్మెంట్ నిధి), ఏజ్ పెన్షన్ (ప్రభుత్వ వృద్ధాప్య పింఛను) సబ్జెక్టులకు మిగతావాటి కంటే రెట్టింపు సమయం పెట్టుకోండి. ఇండియాలో చదివిన పీఎఫ్, పన్నుల పరిజ్ఞానం అక్కడ అక్కరకు రాదు.