సముద్రం లేని ఊళ్లో సముద్రం చదువు: బైపీసీ తర్వాత ఏ డిగ్రీ?

నిజాంపేట నుంచి ఒక తల్లి అడిగారు. పాప ఇంటర్ బైపీసీ సెకండియర్. నీట్ వద్దు, మెరైన్ బయాలజీ చేస్తా, తాబేళ్ల మీద రీసెర్చ్ చేస్తా అంటోందట. వాళ్ల నాన్నగారేమో హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తప్ప ఏముంది, ఇదేం చదువు అంటున్నారు. భీమవరంలో రొయ్యల చెరువులున్న మేనమామ మాత్రం ఆక్వా, అంటే రొయ్యలు, చేపల పెంపకం అయితే చదువు అవ్వగానే ఉద్యోగం అన్నారు. ఇంటి దగ్గర కాలేజీలో బీఎస్సీ జువాలజీలో వేసి తర్వాత చూద్దామా, లేక ఒక కన్సల్టెన్సీ వాళ్లు చెప్పినట్టు ఆస్ట్రేలియా పంపాలా అన్నది ఆవిడ టెన్షన్.

అమ్మా, ముందు నాన్నగారికి చెప్పండి. మీ పక్కనే ప్రగతి నగర్‌లో ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఉంది, దేశం మొత్తానికి సునామీ హెచ్చరికలు ఇచ్చేది అక్కడి నుంచే. ఉపగ్రహాలు పంపే సముద్రపు వేడి, నీటిలోని పచ్చదనం లెక్కలు చూసి ఏ వైపు వెళ్తే చేపలు దొరికే అవకాశం ఎక్కువో మత్స్యకారులకు చెప్పేది కూడా వాళ్లే. పగడాలు ఎక్కడ తెల్లబడే ప్రమాదం ఉందో కూడా చూస్తారు. అటు అత్తాపూర్ వైపు ఎక్స్‌ప్రెస్‌వే మీద వెళ్తుంటే చేప ఆకారంలో కనిపించే బిల్డింగ్ జాతీయ మత్స్య అభివృద్ధి బోర్డుది. అత్తాపూర్ దగ్గరే జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ల ల్యాకోన్స్ ల్యాబ్ ఉంది, అక్కడ అరుదైన జంతువుల డీఎన్ఏ మీద పని. కాబట్టి ఊళ్లో సముద్రం లేకపోవడం అసలు సమస్య కాదు. అయితే ఇన్‌కాయిస్‌లో ఎక్కువమంది ఫిజిక్స్, మ్యాథ్స్, కంప్యూటర్ నేపథ్యం ఉన్నవాళ్లు. సెంట్రల్ యూనివర్సిటీలో ఓషన్ సైన్స్ కోర్సు ఉంది కదా అని ఎవరైనా అంటే, అది నీటి ప్రవాహాలు, వాతావరణం లెక్కల చదువు, మీ పాప అడుగుతున్నది అది కాదు.

ఇక అసలు సంగతి. బీఎస్సీ జువాలజీలో వేసి తర్వాత చూద్దాం అనకండి. ఈ రంగంలో డిగ్రీ దగ్గరే ఒక తలుపు మూసుకుపోతుంది, ఆ విషయం చాలామందికి పీజీ ఎంట్రన్స్ అప్లికేషన్ నింపేటప్పుడు గానీ తెలియదు. ఫిషరీస్ సైన్స్‌లో పీజీ, అంటే ఎంఎఫ్ఎస్సీ చేయాలంటే నాలుగేళ్ల ఫిషరీస్ డిగ్రీ, అంటే బీఎఫ్ఎస్సీ చేసి ఉండాలి. ముంబైలోని మత్స్య విద్యా సంస్థ సీఐఎఫ్ఈ లాంటి చోట సీటు, ఐసీఏఆర్ (కేంద్ర వ్యవసాయ పరిశోధన మండలి) ఫెలోషిప్, ఆ తర్వాత కొచ్చిలోని సముద్ర మత్స్య పరిశోధన సంస్థ సీఎంఎఫ్ఆర్ఐ, చెన్నైలోని ఉప్పునీటి ఆక్వా పరిశోధన సంస్థ సీబాలలో సైంటిస్టు పోస్టుల వైపు వెళ్లడం, ఇదంతా ఆ దారిలో నేరుగా సాగుతుంది. జువాలజీ చేసినవాళ్లు ఆంధ్రా యూనివర్సిటీలోనో, అన్నామలై వాళ్ల పరంగిపేట కేంద్రంలోనో, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్‌లో ఉన్న పాండిచ్చేరి యూనివర్సిటీ క్యాంపస్‌లోనో మెరైన్ బయాలజీ ఎమ్మెస్సీ చేయొచ్చు, మంచి చోట్లే, కానీ ఎంఎఫ్ఎస్సీకి రాలేరు. బీఎఫ్ఎస్సీ చేసిన పిల్ల మాత్రం మనసు మారితే ఇటూ రావచ్చు, కొన్ని యూనివర్సిటీలు వాళ్లనీ తీసుకుంటాయి. పదిహేడేళ్ల వయసులో ఏది ఇష్టమో పూర్తిగా తెలియదు కాబట్టి రెండు వైపులా వెళ్లగలిగే డిగ్రీలో ఉండటం మేలు.

సీటు విషయం పెద్ద కష్టం కాదు. ఈఏపీసెట్ బైపీసీ ర్యాంకుతో వనపర్తి జిల్లా పెబ్బేరులో ఉన్న ఫిషరీస్ కాలేజీ ఉంది. అది వెటర్నరీ యూనివర్సిటీ కింద నడుస్తుంది. సీయూఈటీ అనే జాతీయ ఎంట్రన్స్ రాస్తే వేరే రాష్ట్రాల కాలేజీల్లో ఐసీఏఆర్ కోటా సీట్లకూ పోటీ పడొచ్చు. మీకు సముద్రపు వాతావరణమే కావాలంటే ఆ కోటా ద్వారా తీర రాష్ట్రాల వైపు చూడండి, ఎందుకంటే పెబ్బేరులో చుట్టూ ఉండేది కృష్ణ నీళ్లు, చెరువులు, రిజర్వాయర్లు. అదీ తక్కువ చదువేం కాదు, తెలంగాణలో చేపల పని అంతా అలాంటి నీళ్లలోనే ఉంది.

మేనమామ గారి మాట సగం నిజం. ఆక్వాలో డిగ్రీ అవ్వగానే పని దొరుకుతుంది. రొయ్య పిల్లల్ని పుట్టించే హేచరీలు, మేత కంపెనీలు, జబ్బులు పరీక్షించే పీసీఆర్ ల్యాబులు, ఎగుమతి ప్లాంట్లు, దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్ర ముందుంది కాబట్టి మనుషులు కావాలి. కానీ మొదట ఇచ్చేది టెక్నీషియన్ పనో, మేత అమ్మే పనో. బండి మీద చెరువు చెరువుకీ తిరగడం, చెక్ ట్రేలో మేత మిగిలిందా అని చూడటం, రాత్రి కరెంటు పోయి చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆగితే రైతు ఫోన్ ఎత్తడం. ఆడపిల్లలు ఎక్కువగా ల్యాబుల్లో, హేచరీల్లో కనిపిస్తారు, చెరువుల దగ్గర టాయిలెట్ కూడా ఉండదు, ఇది దాచి లాభం లేదు.

అయితే రీసెర్చ్ ఆసక్తి ఉన్న పిల్లకి ఇక్కడే బోలెడు పని ఉంది. తొంభైల్లో టైగర్ రొయ్యతో కోస్తా అంతా డబ్బు చూసింది, 1994 తర్వాత తెల్లమచ్చ వైరస్ వచ్చి చెరువులకు చెరువులు పోయాయి. 2009 నుంచి వనామి వచ్చింది, మళ్లీ నిలబడ్డారు. కానీ వనామి మన రొయ్య కాదు, తల్లి రొయ్యలు విదేశాల నుంచి వస్తాయి, చెన్నైలో క్వారంటైన్ చేసి హేచరీలకు ఇస్తారు. దానికీ ఈహెచ్‌పీ అనే జబ్బు పట్టుకుంది, రొయ్య చావదు, పెరగదు, మేత ఖర్చు మాత్రం పెరుగుతుంది. ఆ జబ్బును ఎలా ఆపాలి, మన తీరంలోనే పుట్టిన తెల్ల రొయ్యను వనామికి పోటీగా ఎలా మెరుగుపరచాలి అన్నవే ఇప్పుడు సీబా లాంటి చోట్ల చూస్తున్న ప్రశ్నలు. విశాఖలో సీఎంఎఫ్ఆర్ఐ కేంద్రం సముద్రంలో పంజరాలు కట్టి చేపలు పెంచడం మీద చాలా ఏళ్లుగా పనిచేస్తోంది. మామయ్య చెరువులో కనిపించే తలనొప్పే రేపు పాప థీసిస్ కావచ్చు.

ఇంక తాబేళ్లు. ఇది పాపకి నేరుగా చెప్పండి, మెత్తగా చెప్పొద్దు. సంరక్షణలో పర్మనెంట్ ఉద్యోగాలు తక్కువ. ఎక్కువగా ప్రాజెక్టు ఉద్యోగాలే, నిధులు అయిపోతే ఇంకోటి వెతుక్కోవాలి. నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ అనే రీసెర్చ్ ఫెలోషిప్ వస్తే పరిస్థితి వేరు, 2023 నుంచి నెలకు 37 వేలు, ఇంటద్దె అదనం, పీహెచ్‌డీ నిశ్చింతగా సాగుతుంది. పని కూడా వీడియోల్లో చూపించేంత అందంగా ఉండదు. ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టే కాలంలో రాత్రంతా ఇసుకలో నడవాలి, పొద్దున చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చిన వాటిని కొలిచి రాసుకోవాలి, అవి ట్రాలర్ వలల్లో ఊపిరాడక చచ్చినవని తెలిసీ మర్నాడు అదే బోటు వాళ్లతో కూర్చుని మాట్లాడాలి. ఆ మాట్లాడటం రాకపోతే సంరక్షణ లేదు. వల నుంచి తాబేలు బయటపడే పరికరం పెట్టలేదని అమెరికా మన సముద్రంలో పట్టిన రొయ్యల్ని 2019 నుంచి కొనడం ఆపింది, అంటే తాబేలు సంగతి చివరికి బోటు యజమాని జేబు దగ్గరికే వచ్చింది. కోరంగి మడ అడవుల సంగతీ అంతే. రొయ్య పిల్లలు సహజంగా పెరిగేది ఆ మడల్లోనే, చాలా తీరాల్లో చెరువుల కోసం కొట్టేసిందీ ఆ మడలనే. 1996లో తీరంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు, 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చాయంటే ఆ గొడవల వల్లే. అందుకే చెరువు తెలిసినవాళ్లు సంరక్షణలోకి రావాలని నాకు గట్టిగా ఉంటుంది, ఇద్దరి భాషా వాళ్లకే వస్తుంది.

ఆస్ట్రేలియా ఇప్పుడు వద్దు. డిగ్రీకే అంత అప్పు చేస్తే, తిరిగొచ్చాక ఇక్కడి పోస్టులకు ఆ డిగ్రీ సమానమని చూపించుకోవడం ఇంకో తిప్పలు. పీహెచ్‌డీకి స్కాలర్‌షిప్ మీద వెళ్లనివ్వండి, అప్పుడు వాళ్లే డబ్బిస్తారు.

పరీక్షలు అవ్వగానే పాపని భీమవరం పంపండి, పెళ్లికి వెళ్లినట్టు కాకుండా చెరువులో రొయ్యలు పట్టి తీసే ఒక పట్టుబడి పూర్తిగా చూసేలా. అక్కడి నుంచి కాకినాడ హార్బర్‌కి తెల్లారకముందే తీసుకెళ్లమనండి, ఆ వాసనలో, ఆ అరుపుల్లో గంట నిలబడగలదో లేదో తనకే తెలుస్తుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం, బోట్లన్నీ కట్టేసి ఉంటాయి కాబట్టి ఆ తేదీలు దాటి వెళ్లండి, లేదంటే పరీక్షలకీ నిషేధానికీ మధ్య దొరికే రోజుల్లోనే కానిచ్చేయండి.

ఇంకొకటి, కౌన్సెలింగ్‌లో ఆప్షన్లు పెట్టేటప్పుడు అందరూ వెటర్నరీ, అగ్రికల్చర్, హార్టికల్చర్ పైన పెట్టి ఫిషరీస్‌ని ఆఖర్న పడేస్తారు. అగ్రికల్చర్ వస్తే చేరిపోతారా, ఫిషరీసే కావాలా అన్నది ఇంట్లో ముగ్గురూ కూర్చుని ముందే తేల్చుకోండి. ఫిషరీసే అయితే దాన్నే మొదటి ఆప్షన్‌గా పెట్టండి. ర్యాంకు వచ్చాక కార్డు పంపితే క్రమం నేను చూసి చెప్తాను.