విలన్ అత్త, సంఘం అత్తమ్మ

ప్రశ్న: అక్కా, మా అత్తమ్మ రాత్రి ఏడు నుంచి పది దాకా సీరియళ్ల ముందు నుంచి లేవదు. రెండో తరగతి చదివే మా బిడ్డ పక్కనే కూర్చుంటుంది. మొన్న పాలు పొంగిపోయాయని అత్తమ్మ నన్ను కసిరితే, "నాయనమ్మా, మమ్మీని ఇంట్లకెళ్లి ఎల్లగొడ్తవా?" అని అడిగింది. కేబుల్ తీసేయిద్దామంటే మా ఆయన ఒప్పుకోడు. అత్తమ్మ చెడ్డదేం కాదు, మహిళా సంఘం లీడర్. ఏం చేయమంటారు?
– ఒక సోదరి, దేవరకొండ

జవాబు: కేబుల్ జోలికి పోకు చెల్లె. పొద్దంతా తిరిగొచ్చిన మనిషి కాళ్లు చాపుకునే టైం అదొక్కటే. నేనూ చూస్తాను, దాచేదేముంది!

చెడ్డ అత్తలు లోకంలో లేరా? ఉన్నారు. నాకు ఒళ్లు మండేది ఇంకోచోట. సీరియల్‌లో కోట్ల ఆస్తి ఉన్న ఇంట్లో ముగ్గురు ఆడవాళ్లుంటే, ముగ్గురికీ పొద్దస్తమానం పాయసంలో ఏం కలపాలా అన్నదే ఆలోచన. వారానికి ఐదారు ఎపిసోడ్లు తీయాలి, టీఆర్పీ పడిపోకూడదు. ఒకటే హాలు సెట్‌లో కొట్లాట పెడితే ఖర్చు తక్కువ. కోడలు బత్తాయి తోటకో బ్యాంకుకో పోతే కెమెరా కూడా వెంట పోవాలి కదా! 2017లో మొదలైన 'కార్తీకదీపం'లో దీప వండిపెట్టి బిడ్డను సాకింది కాబట్టే జనం వంటలక్క అని ముద్దుగా పిలుచుకున్నారు. ఆమె కథ కూడా చివరికి మొగుడు డాక్టర్‌బాబు అనుమానం చుట్టే తిరిగింది.

మరీ అసహ్యంగా చూపిస్తే ఊరుకోనక్కర్లేదు. ఆడవాళ్లను కించపరిచే కార్యక్రమాలు వేయొద్దని 1994 కేబుల్ టీవీ నిబంధనల్లోనే ఉంది. 2021లో మార్చినప్పటి నుంచి ముందు ఛానల్‌కే ఫిర్యాదు రాయాలి, వాళ్లు 15 రోజుల్లో తేల్చాలి. ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ సీన్ అన్నది రాసి పెట్టుకో.

ఇక పాప సంగతి. యాడ్స్ వచ్చినప్పుడు అత్తమ్మనే కదిలించు: "సంఘంలో కిస్తీ కట్టనామెతో మీరెట్ల మాట్లాడతరు అత్తమ్మా?" అను. బ్యాంకు మేనేజర్‌తో లోన్ సంగతి తేల్చుకొచ్చే మనిషి, చెప్పకుండా ఉంటుందా? పాపను పక్కనే కూర్చోనియ్యి. వచ్చే సంఘం మీటింగ్ సెలవురోజు పడితే నాయనమ్మ వెంట పంపు. తీర్మానాల పుస్తకంలో నాయనమ్మ సంతకం ఎక్కడుందో వెతకమను.