ఎండలో నిలిపితే బ్యాటరీ వారంటీ పోతుందా?

ప్రశ్న: మాది కొత్తగూడెం. ఓపెన్‌కాస్ట్ గనిలో పని. 14 నెలల కిందట ఎలక్ట్రిక్ మోటార్‌సైకిల్ కొన్నాను. బ్యాటరీకి 3 ఏళ్ల వారంటీ ఉంది. మొదట్లో ఒక ఛార్జికి 110 కిలోమీటర్లు వచ్చేది, ఇప్పుడు 65 దాటడం లేదు. ఏప్రిల్ నుంచి మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తుంటే డిస్‌ప్లేలో వేడి గుర్తు వెలుగుతోంది, బండి 30 స్పీడు మించి పోవడం లేదు. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళితే 'ఎండలో నిలిపారు, 40 డిగ్రీలు దాటాక ఛార్జింగ్ పెట్టారు, మా లాగ్‌లో, అంటే బండి దాచుకునే రికార్డులో ఉంది, వారంటీ రాదు' అన్నారు. కాగితం మీద మాత్రం ఏమీ రాసివ్వలేదు. తెలిసిన మెకానిక్ ఒకాయన 3,500 ఇస్తే బ్యాటరీ విప్పి లోపల ఫ్యాన్ బిగిస్తానంటున్నాడు. బిగించుకోవచ్చా? కేసు వేస్తే నిలుస్తుందా?

జవాబు: ముందు మెకానిక్ సంగతి తేల్చుకుందాం. బ్యాటరీ విప్పించకండి. సీలు తీసిన క్షణం నుంచి మీ వారంటీ వాదన సగం పోతుంది, మిగతా సగానికి కావలసిన సాక్ష్యమూ పోతుంది. ఇప్పుడు 'దుర్వినియోగం' అని కంపెనీ నోటిమాటగా అంటోంది. విప్పాక ఆ మాటను మీరే నిరూపించి పెట్టినట్టవుతుంది. పైగా అది పనిచేసే ఉపాయమూ కాదు. నీళ్లు చొరబడకుండా మూసిన పెట్టెలో ఫ్యాన్ పెడితే ఉన్న వేడి గాలే లోపల తిరుగుతుంది. గాలి కోసం చిల్లులు పెడితే మీ దగ్గర బొగ్గు ధూళి, ఆపైన వాన తేమ లోపలికి చేరి షార్ట్ సర్క్యూట్‌కు దారి తీస్తాయి. అనుమతి లేని మార్పు అని తేలితే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఎ(4) కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు.

ఇక అసలు విషయం. మీరు రెండు వేర్వేరు ఇబ్బందులను ఒకటిగా కలిపి చెబుతున్నారు. కోర్టులో అవి విడివిడిగా నిలబడాలి. మధ్యాహ్నం వేడి గుర్తు వెలిగి వేగం తగ్గడం చాలావరకు లోపం కాదు. బ్యాటరీ లోపలి సెల్స్ వేడెక్కితే బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్, అంటే బీఎంఎస్, కరెంటును తగ్గిస్తుంది. అది రక్షణ. దాని మీదే ఫిర్యాదు కడితే 'బండి చేయాల్సిన పనే చేసింది' అని కంపెనీ సులువుగా తప్పించుకుంటుంది. 110 నుంచి 65కు పడిపోవడం వేరు. చల్లటి వేళ కూడా 65 దాటకపోతే సామర్థ్యం శాశ్వతంగా తగ్గిందని అర్థం. 14 నెలల్లో 40 శాతం పోవడం మామూలు అరుగుదల కాదు. మీ కేసుకు వెన్నెముక ఇదే.

దాన్ని రుజువు చేసుకోవడం కష్టమేమీ కాదు. మూడు రోజులు తెల్లవారుజామున 5 గంటలకు, ఒకే రోడ్డు మీద, ఒకే మోడ్‌లో, ఒక్కరే నడపండి. టైర్లలో మాన్యువల్ చెప్పినంత గాలి ఉండాలి. 100 శాతం దగ్గర ఓడోమీటర్ ఫొటో, 10 శాతానికి వచ్చాక మరో ఫొటో తీయండి. తర్వాత బండి చల్లారాక, గోడ ప్లగ్గుకు, ఛార్జర్‌కు మధ్య పెట్టే యూనిట్ మీటరు ఒకటి కొని, 10 నుంచి 100కు ఎన్ని యూనిట్లు తీసుకుందో రాసుకోండి. 3 కిలోవాట్ అవర్ల బ్యాటరీ అయితే ఛార్జర్ నష్టంతో కలిపి దాదాపు 3 యూనిట్లు లాగాలి. 2 యూనిట్ల లోపే లాగి ఫుల్ చూపిస్తే మిగతా సామర్థ్యం పోయినట్టే. సర్వీస్ సెంటర్‌ను 'స్టేట్ ఆఫ్ హెల్త్' రిపోర్టు, అంటే బ్యాటరీలో ఎంత శాతం సామర్థ్యం మిగిలిందో చెప్పే రిపోర్టు, రాతపూర్వకంగా అడగండి. వారంటీ పుస్తకంలో ఫలానా శాతం కంటే తగ్గితే మారుస్తామనే అంకె ఉంటుంది, సాధారణంగా 70 లేదా 80. ఆ అంకెతో ఈ రిపోర్టును పోల్చాలి.

ఇప్పుడు వాళ్ల '40 డిగ్రీల' మాట. వారంటీ పుస్తకంలో ఆ వాక్యం ఎక్కడుందో వెతకండి. అది బయటి గాలి వేడి గురించా, సెల్ వేడి గురించా అన్నది చూడండి. లిథియం సెల్స్‌కు ఛార్జింగ్ వేళ సాధారణంగా 45 డిగ్రీలు, నడిపేటప్పుడు 60 డిగ్రీలు పైహద్దులుగా పెడతారు. హద్దు దాటితే ఛార్జింగ్‌ను ఆపాల్సింది బీఎంఎస్. మీ బండి ప్లగ్ పెట్టగానే నిరాటంకంగా ఛార్జ్ అయిందంటే, రెండింట్లో ఒకటే నిజం. సెల్స్ హద్దులోనే ఉన్నాయి, లేదా హద్దు దాటినా వాళ్ల సిస్టమే అడ్డుకోలేదు. మొదటిది నిజమైతే మీ తప్పు లేదు, రెండోది నిజమైతే తప్పు వాళ్లది. లాగ్ ఉందన్నారు కదా, కంపెనీకి పంపే నోటీసులో మొదటి కోరిక అదే కావాలి: 'ఏ తేదీన, ఏ గంటకు, ఏ సెల్ ఉష్ణోగ్రత వద్ద ఛార్జ్ అయిందో ఆ లాగ్ ఇవ్వండి.' లోపం ఉందని చూపాల్సింది మీరు. దుర్వినియోగం అంటే దాన్ని రుజువు చేయాల్సింది వాళ్లు. లాగ్ దాచిపెడితే, బయటపెడితే తమకే నష్టమనే దాచారని వినియోగదారుల కమిషన్ భావించవచ్చు.

మరొకటి: షరతుల పుస్తకం మీకు ఎప్పుడు ఇచ్చారు? మినహాయింపు షరతులను ముందుగా తెలియజేయకపోతే వాటిని కొన్నవారి మీద రుద్దలేరని 2019లో భారత్ వాచ్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అది ఇన్సూరెన్స్ తగాదా, కానీ వాదన ఇక్కడికీ తేవచ్చు. మేలో 45 తాకే ఊళ్లో షోరూం పెట్టి బండి అమ్మి, 40 దాటితే బాధ్యత లేదనడం ఏమిటన్న ప్రశ్న ఎలాగూ ఉంది.

అలాగని మీ వైపు నిర్లక్ష్యం కనిపించకూడదు. ఈ రోజు నుంచి చేసే పనులు బ్యాటరీకీ మేలు, ఫైలుకూ మేలు. బండి దిగగానే ప్లగ్ పెట్టకండి. నీడలో 45 నిమిషాల నుంచి గంట ఆగాలి. కావాలంటే ఆ సేపు మామూలు టేబుల్ ఫ్యాన్ బయటి నుంచి తిప్పండి, దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఛార్జింగ్ రాత్రి 10 తర్వాత గానీ తెల్లవారుజామున గానీ పెట్టండి. రోజువారీ తిరుగుడుకు 80 శాతం చాలు. 100 నింపి ఎండలో నిలపడం బ్యాటరీకి అన్నిటికంటే చేటు, ఎందుకంటే నిండు ఛార్జి, వేడి రెండూ కలిస్తే సెల్ లోపలి రసాయన అరుగుదల బాగా వేగం పుంజుకుంటుంది. పని దగ్గర నీడ లేకపోతే లేతరంగు బట్టను బండికి అంటుకోకుండా, కింద గాలి ఆడేలా పందిరిలా కట్టండి. నల్ల ప్లాస్టిక్ కవర్ బిగిస్తే పొయ్యిలో పెట్టినట్టే. బ్యాటరీ పెట్టె మీది లోహపు రెక్కల్లో పేరుకున్న బురద, ధూళిని మెత్తటి బ్రష్‌తో దులపండి. ప్రెషర్ వాటర్ కొట్టించకండి, తడి గోనె కప్పకండి, ఐస్ పెట్టకండి. కనెక్టర్లలో తేమ చేరితే 'నీళ్లు పోశారు' అని ఇంకో సాకు దొరుకుతుంది. బ్యాటరీ తీసి ఇంట్లో ఛార్జ్ చేసే రకమైతే పడకగదిలోనూ, బయటికి వెళ్లే దారికి అడ్డంగానూ పెట్టొద్దు. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో, విజయవాడలో ఇళ్లలో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి ప్రాణాలు పోయాయి. ఆ తర్వాతే బ్యాటరీల భద్రతా ప్రమాణం ఏఐఎస్-156ను కఠినం చేసి, 2022 డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమల్లోకి తెచ్చారు. మీ బండి ఆ తర్వాతిదే కాబట్టి, ఆ ప్రమాణం కింద పొందిన ఆమోదపత్రం నకలు కూడా నోటీసులో అడగండి.

నోటీసు తయారీ కంపెనీకి, డీలర్‌కు ఇద్దరికీ స్పీడ్ పోస్టులో పంపండి. 15 రోజుల గడువు చాలు. చట్టం నోటీసును తప్పనిసరి చేయలేదు గానీ, వాళ్లు ఇచ్చే జవాబే చాలాసార్లు మీకు మంచి సాక్ష్యమవుతుంది. ఈలోగా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బండి మళ్లీ సర్వీస్‌కు ఇస్తే జాబ్ కార్డులో మీ ఫిర్యాదు మీ మాటల్లోనే రాయించండి. 'జనరల్ చెకప్' అని రాస్తే సంతకం పెట్టకండి. బ్యాటరీని వాళ్లకు అప్పగించాల్సి వస్తే సీరియల్ నంబరుతో రసీదు తీసుకోండి.

తేలకపోతే వినియోగదారుల రక్షణ చట్టం 2019, సెక్షన్ 35 కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయండి. చెల్లించిన ధర 50 లక్షల లోపు కాబట్టి అక్కడే. కంపెనీ ఆఫీసు ఎక్కడున్నా, మీరు నివసించే చోటో పనిచేసే చోటో వేసే హక్కు సెక్షన్ 34 ఇస్తుంది. 5 లక్షల దాకా ఫీజు లేదు. బ్యాటరీని ల్యాబ్ పరీక్షకు పంపాలని ఫిర్యాదుతో పాటే సెక్షన్ 38(2)(సి) కింద దరఖాస్తు పెట్టండి. పరీక్ష ఖర్చు ముందుగా మిమ్మల్నే కట్టమనవచ్చు, అందుకు సిద్ధపడండి. ఎదుటివారికి జవాబు దాఖలుకు 30 రోజులు, కమిషన్ అనుమతిస్తే మరో 15. ఆ 45 దాటితే జవాబు తీసుకోరాదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. పరీక్ష అవసరమైన కేసు 5 నెలల్లో ముగియాలని చట్టంలో ఉంది, ఆచరణలో ఎక్కువే పడుతుంది. కోరికలు వరుసగా పెట్టండి: కొత్త బ్యాటరీ, అది కుదరకపోతే ధర వాపసు వడ్డీతో, ఆపైన పరిహారం, ఖర్చులు. ఫొటోలు తీసిన ఫోన్‌ను మార్చకుండా ఉంచుకోండి. భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి ఇచ్చే సర్టిఫికెట్ కూడా జతచేస్తే అభ్యంతరానికి చోటుండదు.

'ప్రొడక్ట్ లయబిలిటీ', అంటే వస్తువు వల్ల జరిగిన హానికి బాధ్యత, అనే పెద్ద మాట వాడాలని ఎవరైనా చెబితే తొందరపడకండి. చట్టంలోని ఆ అధ్యాయంలో 'హాని' అంటే మనిషికో ఇతర ఆస్తికో జరిగినదే, ఆ వస్తువుకే జరిగిన నష్టం అందులోకి రాదు. మీకు కావలసింది 'లోపమున్న వస్తువు' అన్న సాదా ఫిర్యాదు. ఇన్సూరెన్స్ కూడా ఇక్కడ అక్కరకు రాదు. సాధారణ ప్యాకేజీ పాలసీ దానంతటదే అంటుకున్న మంటను కవర్ చేస్తుంది, అరుగుదలను, ఎలక్ట్రికల్ బ్రేక్‌డౌన్‌ను చేయదు.

ఫిర్యాదు వేయడానికి గడువు వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం రెండేళ్లు. మీ విషయంలో వారంటీ నిరాకరించిన రోజు నుంచి లెక్క మొదలవుతుందని వాదించవచ్చు. కానీ ఆ నిరాకరణ నోటిమాటగానే ఉంది కాబట్టి, ఇవాళే సర్వీస్ సెంటర్‌కు ఈమెయిల్ పెట్టి 'ఫలానా తేదీన మీరు ఇలా అన్నారు, సరేనా?' అని అడిగి ఉంచండి.