మేనేజర్‌ను మార్చడానికి ఏప్రిల్ సరైన నెలేనా?

పాఠకుల ప్రశ్నలు – ఆటల శీర్షిక

ప్రశ్న: నేను 2022లో పై చదువులకు ఇంగ్లండ్‌లోని లెస్టర్ వెళ్లాను. ఒకే ఇంట్లో నలుగురం తెలుగువాళ్లం ఉండేవాళ్లం. అప్పటిదాకా క్రికెట్ తప్ప మరో ఆట పట్టని మేము, ఆ ఊరి గాలి సోకి లెస్టర్ సిటీ ఫుట్‌బాల్ క్లబ్ అభిమానులమైపోయాము. 2023 ఏప్రిల్ 2న క్లబ్ తన మేనేజర్, అంటే జట్టును నడిపే ప్రధాన కోచ్, బ్రెండన్ రాజర్స్‌ను పంపించేసింది. ఇంగ్లండ్ పై డివిజన్ అయిన ప్రీమియర్ లీగ్‌లో అప్పటికి పది మ్యాచ్‌లే మిగిలి ఉన్నాయి. "ఇంత ఆలస్యంగా మార్చి ఏం లాభం" అని మాలో ఇద్దరం, "ఇప్పటికైనా మంచి పని చేశారు" అని మిగతా ఇద్దరు వాదించుకున్నాం. జట్టు చివరికి కింది డివిజన్‌కు దిగిపోయింది. ఇప్పటికీ కలిసినప్పుడల్లా ఈ వాదన మొదలవుతుంది, తెగదు. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: రాజర్స్‌ను మార్చవలసిందే, కానీ రెండు వారాల ముందు మార్చవలసింది. నా అభిప్రాయం ఇదే. ఎందుకో చెప్పాలంటే ఆ మార్చి నెల క్యాలెండర్ ముందు పెట్టుకోవాలి.

ఫిబ్రవరి 11న లెస్టర్ జట్టు టాటెన్‌హామ్‌ను 4–1తో ఓడించింది. ఆ తరువాత ఆడిన ఆరు లీగ్ మ్యాచ్‌లలో దానికి దక్కింది ఒకే ఒక్క పాయింటు. ఆ పాయింటు మార్చి 18న బ్రెంట్‌ఫర్డ్‌తో 1–1 డ్రా వల్ల వచ్చింది. అక్కడి నుంచి దేశాల జట్ల మ్యాచ్‌ల కోసం లీగ్‌కు రెండు వారాల విరామం. కొందరు ఆటగాళ్లు తమ దేశాల తరఫున ఆడడానికి వెళ్లినా, కొత్తగా వచ్చే మేనేజర్‌కు మైదానం, సిబ్బంది, మిగిలిన ఆటగాళ్లు, అన్నిటికన్నా ముఖ్యంగా తీరిక దొరికే రోజులవి. లెస్టర్ యాజమాన్యం ఆ రెండు వారాలు ఊరికే పోనిచ్చి, విరామం ముగిసి ఇంకో మ్యాచ్ ఓడిన మర్నాడు రాజర్స్‌ను పంపించింది.

ఆ ఓడిన మ్యాచ్ ఎవరితోనో చూడండి. ఏప్రిల్ 1న, క్రిస్టల్ ప్యాలెస్‌తో. ఆ క్లబ్ పరిస్థితి కూడా అంతకన్నా మెరుగ్గా ఏమీ లేదు. 2023 మొదలయ్యాక ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. కానీ ఆ యాజమాన్యం విరామానికి ముందే, మార్చి 17న, ప్యాట్రిక్ వియెరాను తప్పించి, 21న 75 ఏళ్ల రాయ్ హాడ్జ్‌సన్‌ను తిరిగి పిలిచింది. లెస్టర్ చేజార్చుకున్న ఆ రెండు వారాలనే ప్యాలెస్ వాడుకుంది. విరామం తరువాత మొదటి మ్యాచ్‌లో ఈ రెండు జట్లే తలపడ్డాయి. లెస్టరే ముందు గోల్ చేసింది, ప్యాలెస్ స్కోరు సమం చేసింది, ఆట అయిపోవచ్చిన 94వ నిమిషంలో మతేటా కొట్టిన గోల్‌తో 2–1గా గెలిచింది. మీ నలుగురూ ఇంట్లో వాదించుకున్న విషయానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు కనిపించలేదు.

యాజమాన్యం ఎందుకు తటపటాయించిందో నాకు అర్థమవుతుంది. రాజర్స్ సామాన్యుడు కాడు. 2021లో ఆ క్లబ్‌కు చరిత్రలోనే తొలి ఎఫ్ఏ కప్ (ఇంగ్లండ్ క్లబ్‌ల నాకౌట్ పోటీ) తెచ్చిపెట్టినవాడు, వరసగా రెండేళ్లు లీగ్‌లో అయిదో స్థానంలో నిలిపినవాడు. 2022 వేసవిలో గోల్‌కీపర్ ష్మైకెల్ వెళ్లిపోయి, డిఫెండర్ ఫొఫానాను చెల్సీకి అమ్ముకున్న తరువాత, గోల్‌కీపర్‌ను మినహాయిస్తే ఆయన చేతికి కొత్తగా వచ్చిన ఆటగాడు వౌట్ ఫేస్ ఒక్కడే. తొలి ఏడు మ్యాచ్‌లలో ఒక్క పాయింటే వచ్చినా, నవంబరులో ప్రపంచ కప్ విరామం నాటికి జట్టు కోలుకుంది కూడా. ఒకసారి కోలుకున్న జట్టు మళ్లీ కోలుకుంటుందని ఆశపడడం తప్పు కాదు.

పైగా ఆ ఊరివాళ్ల మనసులో 2015 బలంగా ఉంది. ఆ ఏడాది ఏప్రిల్ మొదట్లో లెస్టర్ 29 మ్యాచ్‌లలో 19 పాయింట్లతో పట్టికలో అట్టడుగున ఉండేది. మేనేజర్ నైజెల్ పియర్సన్‌ను యాజమాన్యం కదిలించలేదు. చివరి తొమ్మిది మ్యాచ్‌లలో ఏడు గెలిచి, 41 పాయింట్లతో 14వ స్థానంలో నిలిచింది. మరుసటి ఏడాది, మరో మేనేజర్ కింద, లీగ్ విజేతే అయ్యింది. "ఓపిక పట్టండి" అనే స్థానిక పెద్దలు మీకు అక్కడ తప్పక ఎదురై ఉంటారు, వాళ్లు చెప్పేది ఈ కథే.

అయితే 2015 జట్టు ఓడుతున్నప్పుడు కూడా పోరాడి ఓడేది. మేనేజర్ ఉండాలా, పోవాలా అని స్టేడియంలో కూర్చున్న అభిమాని తేల్చుకోవడానికి పాయింట్ల పట్టిక కన్నా మంచి గుర్తు ఒకటుంది. గోల్ పడిన మరు నిమిషంలో ఆటగాళ్ల వైపు చూడాలి. బంతిని వలలోంచి తీసుకుని మధ్య గీత దాకా పరుగెత్తే జట్టు ఇంకా మేనేజర్ మాట వింటున్నట్టు. నడుం మీద చేతులు పెట్టుకుని ఎవరి దారిన వాళ్లు నేల చూపులు చూస్తుంటే, ఆ డ్రెస్సింగ్ రూమ్‌లో మాట చెల్లడం లేదన్నట్టు. 2023 మార్చిలో లెస్టర్ ఈ రెండో కోవలోకి వచ్చేసిందని నేను నమ్ముతున్నాను.

నాకు బాధ కలిగించేది తీసేసిన తరువాత జరిగిన సంగతి. ఎవరిని తెస్తారో నిర్ణయించుకోకుండానే రాజర్స్‌ను పంపారు. కొత్త మేనేజర్ డీన్ స్మిత్ ఏప్రిల్ 10న వచ్చాడు. ఈ మధ్యలో సహాయ కోచ్‌ల చేతుల్లో, సొంత మైదానంలో, రెండు మ్యాచ్‌లు జరిగాయి. ఆస్టన్ విల్లాతో 2–1తో, బోర్న్‌మత్‌తో 1–0తో రెండూ ఓడిపోయారు. స్మిత్‌కు మిగిలింది ఎనిమిది మ్యాచ్‌లు, ఆయన సంపాదించింది తొమ్మిది పాయింట్లు. చివరికి లెస్టర్ 34 పాయింట్లతో దిగిపోతే, ఎవర్టన్ 36 పాయింట్లతో గట్టెక్కింది. విల్లాతో గానీ బోర్న్‌మత్‌తో గానీ ఒక్క మ్యాచ్ గెలిచి మూడు పాయింట్లు తెచ్చుకుని ఉంటే ఏమయ్యేదో మీరే లెక్క వేసుకోవచ్చు.

ఇంకొక్క దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. మే 1న అదే ఎవర్టన్‌తో, లెస్టర్ 2–1 ఆధిక్యంలో ఉండగా, మొదటి సగం చివర్లో లెస్టర్‌కు పెనాల్టీ దొరికింది. ఎవర్టన్ గోల్‌కీపర్ పిక్‌ఫర్డ్ తన నీళ్ల సీసా మీద ఏ ఆటగాడు ఎటు కొడతాడో ముందే రాసి పెట్టుకున్నాడు. మాడిసన్ తిన్నగా మధ్యకు కొట్టాడు, పిక్‌ఫర్డ్ కదలకుండా నిలబడి ఆపేశాడు. విరామం తరువాత ఇవోబీ గోల్‌తో మ్యాచ్ 2–2గా ముగిసింది. ఆ రోజు లెస్టర్ గెలిచి ఉంటే లీగ్ ముగిసేసరికి దానికి 36, ఎవర్టన్‌కు 35 పాయింట్లు ఉండేవి. మేనేజర్ ఎవరైనా, ఇంత పని మిగలబెట్టుకుని ఏప్రిల్‌లోకి అడుగుపెడితే ఒక ఊరి భవితవ్యం ఒక సీసా మీది రాతకు వచ్చి ఆగుతుంది.

మే 28న, చివరి రోజు, లెస్టర్ తన పని తాను చేసి వెస్ట్ హామ్‌ను 2–1తో ఓడించింది. బార్న్స్ 34వ నిమిషంలో గోల్ కొట్టినప్పటి నుంచి కొంతసేపు లెస్టర్ ప్రమాదం దాటే ఉంది. లివర్‌పూల్ నగరంలో ఎవర్టన్ తరఫున దుకూరే 57వ నిమిషంలో గోల్ కొట్టడంతో ఆ భద్రత పోయింది. వాదనలో మీ వైపు ఎవరున్నా, ఆ రోజు మీ నలుగురి కడుపూ ఒకేలా మండి ఉంటుంది.

ప్రశ్న: కొత్త మేనేజర్ రాగానే జట్టు గెలవడం మొదలుపెడుతుందని అభిమానులు గట్టిగా చెబుతారు. ఇందులో నిజమెంత?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: కొంత నిజముంది, కానీ అనుకున్నంత లేదు. మేనేజర్‌ను తీసేసేది జట్టు అతి హీనంగా ఆడుతున్న రోజుల్లోనే కదా. ఆ స్థితి నుంచి ఏ జట్టైనా కొంత పైకి రావడం సహజం, ఆ పెరుగుదల కొత్తవారి ఖాతాలో పడుతుంది. నెదర్లాండ్స్ ఆర్థికవేత్త బాస్ టెర్ వీల్ 1986 నుంచి 2004 వరకు ఆ దేశపు ఫుట్‌బాల్ లీగ్‌ను ఈ కోణంలోనే పరిశీలించారు. మేనేజర్‌ను మార్చిన క్లబ్‌లను, అంతే ఘోరంగా ఓడుతూ కూడా మార్చని క్లబ్‌లతో పోల్చి చూశారు. రెండు రకాల క్లబ్‌లూ దాదాపు ఒకే తీరున కోలుకున్నాయని తేలింది.

పైన చెప్పిన హాడ్జ్‌సన్ సంగతే తీసుకుందాం. పది మ్యాచ్‌లలో 18 పాయింట్లు సంపాదించి ప్యాలెస్‌ను 11వ స్థానానికి చేర్చాడు. ఇది గొప్ప పనే, ఆయన ఘనతను నేను తగ్గించడం లేదు. అయితే వియెరా ఆఖరి నెలల్లో మాంచెస్టర్ సిటీ, మాంచెస్టర్ యునైటెడ్, లివర్‌పూల్, న్యూకాజిల్ వంటి బలమైన జట్లు వరసగా ఎదురయ్యాయి. హాడ్జ్‌సన్‌కు ఎదురైనవి లెస్టర్, లీడ్స్, సౌతాంప్టన్, ఎవర్టన్ – ఎక్కువ భాగం పట్టిక దిగువ సగంలోని జట్లు. అందుచేత మార్చాలా వద్దా అని వాదనకు దిగేముందు, మిగిలిన మ్యాచ్‌ల జాబితాను చేతిలో పెట్టుకోవడం మంచిది. గడ్డు మ్యాచ్‌లన్నీ అయిపోయి సులువైనవి మిగిలి ఉంటే ఉన్నవారితోనే నెట్టుకురావచ్చు.

అదే ఏడాది లీడ్స్ యునైటెడ్ చేసింది మాత్రం ఎవరూ చేయకూడని పని. ఫిబ్రవరిలో జెస్సీ మార్ష్‌ను తీసేసి హావీ గ్రాసియాను తెచ్చారు. ఏప్రిల్ నెలలో ఆ జట్టు 23 గోల్స్ ఇచ్చుకుంది. మే మొదటి వారంలో, కేవలం నాలుగు మ్యాచ్‌లు మిగిలి ఉండగా, గ్రాసియానూ పంపించి 68 ఏళ్ల సామ్ అలర్డైస్‌ను కూర్చోబెట్టారు. ఆయన మొదటి మ్యాచ్ మాంచెస్టర్ సిటీతో, వాళ్ల సొంత మైదానంలో. నాలుగు మ్యాచ్‌లలో వచ్చింది ఒక్క పాయింటు. జనవరి తరువాత ఆటగాళ్లను కొనడానికి వీలుండదు కాబట్టి, మేలో వచ్చిన మనిషికి ఇతరులు ఎంచిన ఆటగాళ్లే గతి. నాలుగు వారాల్లో ఆయన ఆటగాళ్ల పేర్లూ అలవాట్లూ తెలుసుకోగలడేమో గానీ, గోల్స్ పడకుండా డిఫెన్స్‌ను మళ్లీ నిర్మించలేడు.

ప్రశ్న: నేను లండన్‌లో ఉంటాను, వెస్ట్ హామ్ అభిమానిని. 2023 వసంతంలో మా మేనేజర్ డేవిడ్ మోయెస్ వెళ్లిపోవాలని మా స్నేహితులతో పాటు నేనూ కోరుకున్నాను. తరువాత సిగ్గుపడ్డాను. అలా కోరుకోవడం ద్రోహమా?
– ఒక పాఠకుడు

జవాబు: ద్రోహం ఎంతమాత్రం కాదు. టికెట్ కొని, చలిలో, వానలో వెళ్లి కూర్చునే మనిషికి ఆ మాట అనే హక్కు ఉంది. ఆ లీగ్‌లో మీ జట్టు 40 పాయింట్లతో 14వ స్థానంలో ముగించిందంటే మీ ఆందోళన గాలిలోంచి వచ్చింది కాదు. అయినా యాజమాన్యం మోయెస్‌ను ఉంచింది. జూన్ 7న ప్రాగ్‌లో ఇటలీ క్లబ్ ఫియొరెంటీనాపై 90వ నిమిషంలో బోవెన్ కొట్టిన గోల్‌తో యూరప్ క్లబ్‌ల పోటీ అయిన యూరోపా కాన్ఫరెన్స్ లీగ్ గెలిచారు. 1980 తరువాత మీ క్లబ్‌కు అదే మొదటి పెద్ద ట్రోఫీ. 43 ఏళ్లు. ఆ రాత్రి మీరు సంతోషించారు గదా, ఇక సిగ్గుపడవలసిన అవసరం ఏముంది?

నాటింగ్‌హామ్ ఫారెస్ట్ కథ దీనికి తిరగేసినది. అక్కడ మేనేజర్‌గా స్టీవ్ కూపర్ ఉండాలని అభిమానులే పట్టుబట్టారు, ఎందుకంటే 23 ఏళ్ల తరువాత జట్టును పై లీగ్‌లోకి తెచ్చింది ఆయనే. ఏప్రిల్‌లో యజమాని మద్దతు ప్రకటిస్తూనే, ఫలితాలు వెంటనే మెరుగుపడాలని బహిరంగంగా హెచ్చరించాడు. కూపర్ నిలబడ్డాడు, జట్టు 38 పాయింట్లతో గట్టెక్కింది. స్టేడియం మొత్తం ఒక మేనేజర్ వెనక నిలబడితే ఆటగాళ్ల కాళ్లకు బలం వస్తుందని నేను గట్టిగా నమ్ముతాను, అందుకే ఏప్రిల్, మే నెలల్లో అభిమానుల వాదన స్టేడియం గేటు బయట ఆగిపోవాలని కోరుకుంటాను.

ప్రశ్న: ఆలస్యమైతే నష్టం అంటున్నారు కాబట్టి, నవంబరులోనే మార్చేస్తే సరిపోతుందా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: సరిపోదు. దీనికి కూడా లెస్టరే ఉదాహరణ. ఒక ఏడాదిలో తిరిగి పై లీగ్‌కు వచ్చిన ఆ క్లబ్ ఈసారి మేనేజర్‌గా తీసుకున్నది పైన చెప్పిన కూపర్‌నే. 2024 నవంబరు 24న, 12 మ్యాచ్‌లలో 10 పాయింట్లతో 16వ స్థానంలో ఉండగా, ఆయనను తీసేసింది. తొందరపడిందని అనేవారున్నా, సమయం మాత్రం చేతిలో పుష్కలంగా ఉంది. ఆయన స్థానంలోకి వచ్చింది రూడ్ వాన్ నిస్టెల్‌రాయ్. అంతకుముందు ఆయన మాంచెస్టర్ యునైటెడ్‌కు తాత్కాలికంగా నాలుగు మ్యాచ్‌లు నడిపించాడు, వాటిలో రెండు లెస్టర్ పైనే, రెండూ గెలిచాడు. మిగిలిన 26 మ్యాచ్‌లలో లెస్టర్ సంపాదించింది 15 పాయింట్లు. 25 పాయింట్లతో మళ్లీ దిగిపోయింది. కూపర్‌ను పంపిన నాడు, మిగిలిన ఆరు నెలల పనికి తగిన మనిషి ఎవరు అన్న ప్రశ్నకు, మనల్ని రెండుసార్లు ఓడించినవాడు అన్నది జవాబు కాజాలదు.