పాత రివాల్వర్లలో అంతగా మెచ్చుకోదగినది ఏముంది?

"మనుషులను చంపడానికి చేసిన ఇనుప వస్తువులో పనితనం వెతకడం ఏమిటి, అదీ పాతకాలపు దానిలో?" అని ఒకరు నన్ను అడిగారు. మొదటి మాట మీద వాదించను. అది దేనికోసం పుట్టిందో నాకూ తెలుసు. రెండో మాటకు జవాబు మాత్రం మా ఇంటి బీరువాలో తాళం వేసి ఉంది.

మా తాతగారికి లైసెన్సు ఉన్న వెబ్లీ అండ్ స్కాట్ రివాల్వర్ ఉండేది. పాయింట్ 32 బోరు (గొట్టం లోపలి వెడల్పు), ఆరు తూటాలు, ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో తయారైనది. ఆయన దాన్ని పేల్చగా నేనెన్నడూ చూడలేదు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా పోలీసు స్టేషన్‌లో జమ కావడం, దసరాకు ఆయుధపూజలో పీట ఎక్కడం, అది గడప దాటినా బీరువా దాటినా ఈ రెండు పనులకే. ఆయన పోయాక లైసెన్సు నాన్నగారి పేరు మీదికి మారింది.

తూటాను వెనకనుంచి కొట్టి పేల్చే భాగాన్ని సుత్తి అంటారు. దానికి ఎడమపక్క చిన్న మీట ఉంటుంది. బొటనవేలితో నొక్కితే బ్యారెల్, అంటే తూటా వెళ్లే గొట్టం, ముందుకు వాలి, రివాల్వర్ నడుము దగ్గర మడత విప్పినట్టు తెరుచుకుంటుంది. అలా వాలుతూ ఉండగానే, తూటాలు పెట్టే ఆరు గదుల సిలిండర్ వెనకనుంచి నక్షత్రంలాంటి బిళ్ల ఒకటి పైకి లేస్తుంది. పేలిన తూటాల ఖాళీ గొట్టాలు ఆరింటినీ ఒక్కసారే ఎత్తి పారేయడం దాని పని. బ్యారెల్ పూర్తిగా వాలేసరికి టక్కుమని తన గూట్లోకి దిగిపోతుంది. తాతగారు ఎన్నిసార్లు తెరిచినా, ఖాళీ అని తెలిసి కూడా, ఆరు గదులనూ వేలితో తడిమేవారు. తర్వాతే నా చేతికి ఇచ్చేవారు.

సిలిండర్ మీద గది గదికీ విడివిడిగా ముద్ర ఉంటుంది. బర్మింగ్‌హామ్‌లో 1813లో చట్టం ద్వారా ఏర్పడిన తుపాకుల పరీక్షాలయం ఉంది. మామూలు కన్నా ఎక్కువ మందు దట్టించి పేల్చి, తట్టుకుంటేనే ముద్ర కొడతారు. ఆరు గదులకు ఆరు ముద్రలు. ఒకటి నెగ్గితే మిగతావీ నెగ్గినట్టే అనుకోలేదు వాళ్లు. నాకు ఈ పట్టుదల నచ్చుతుంది.

ఒకసారి నాన్నగారితో కలిసి హైదరాబాద్‌లో తుపాకులు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లాను. ఆయన ఒక్క మర (స్క్రూ) విప్పి, పిడికి రెండు వైపులా ఉన్న నల్లటి గట్టి రబ్బరు పలకలు తీశారు. లోపల పట్టకారులా వంగిన స్ప్రింగ్. దాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుని, "గీతలు ఎటు ఉన్నాయో చూడండి బాబూ" అన్నారు. ఆకురాయి జాడలు సన్నగా, అన్నీ నిలువునా ఉన్నాయి. అడ్డంగా ఒక్క గీత మిగిలినా స్ప్రింగ్ అక్కడే విరుగుతుందట. పిడి కింద ఎవరికీ కనిపించని చోట, పేరు తెలియని ఒక పనివాడు అంత నిదానంగా మెరుగు పెట్టాడు. ఆ కాలంలో యంత్రం ముక్కలను కాస్త పెద్దవిగానే వదిలేది. వాటిని ఒకదానికొకటి అరగదీసి కూర్చింది మనిషి చెయ్యి. అందుకే అదే రకం రివాల్వర్ నుంచి తెచ్చిన భాగం కూడా దీనిలో ఒక పట్టాన ఇమడదు.

ఇక ఆ నీలి నలుపు రంగు. అది పూసిన రంగు కాదు. పాత పద్ధతిలో ఉక్కుకు కావాలనే సన్నని తుప్పు పట్టించి, నీళ్లలో మరిగిస్తారు. ఎర్రటి తుప్పు నల్లగా మారుతుంది. బ్రష్షుతో రుద్ది, మళ్లీ తుప్పు పట్టించి, మళ్లీ మరిగిస్తారు. ఇలా ఎన్నోసార్లు. తుప్పునే తుప్పుకు కాపలా పెట్టడం అన్నమాట.

దీని విలువ తెలియక మా పెదనాన్నగారు తన రివాల్వర్‌కు నికెల్ పూత వేయించారు. పూతకు ముందు దుకాణం వాళ్లు గుడ్డ చక్రం మీద పట్టిన పాలిష్‌కు అక్షరాలు అరిగిపోయాయి, అంచులన్నీ వాడిన సబ్బు బిళ్లలా గుండ్రబడ్డాయి. తళతళలాడింది గానీ, ఎవరి వస్తువో చెప్పలేనట్టు తయారైంది. 2019లో ఆయుధాల చట్టాన్ని సవరించి, ఒకరికి మూడు తుపాకులు ఉండవచ్చన్న పరిమితిని రెండుకు తగ్గించినప్పుడు, పెదనాన్నగారు మారుమాట లేకుండా వదులుకున్నది దాన్నే. మీరు ఎప్పుడైనా పాత రివాల్వర్ చూడవలసి వస్తే ముందు స్క్రూల తలలు చూడండి. గాడులు చెదిరి ఉంటే ఎవరో తెలియని చెయ్యి లోపలికి వెళ్లిందని అర్థం.

లైసెన్సు గొడవ లేకుండా ఇలాంటి పాత పనితనం చూడాలంటే ప్రయాగ్‌రాజ్‌లోని అలహాబాద్ మ్యూజియానికి వెళ్లండి. చంద్రశేఖర్ ఆజాద్ కోల్ట్ పిస్తోలు అక్కడ ఉంది. 1931లో ఆయన ప్రాణం విడిచిన పార్కులోనే ఆ మ్యూజియం. ఆ రకానికి 'సుత్తి లేనిది' అని పేరు గానీ, సుత్తి ఉంది, లోపల దాచారు. జేబులోంచి తీసేటప్పుడు గుడ్డకు తగులుకోకుండా.

మా వెబ్లీ బ్యారెల్ మీద, సరిగ్గా ఒకేచోట, ఆవగింజంత గుంటలు నాలుగైదు ఉన్నాయి. నాయనమ్మ ఏటా దసరాకు తడి పసుపు, కుంకుమ పెట్టిన చోటు అది. పూడ్చి కొత్తగా రంగు ఎక్కించమంటారా అని ఆ పెద్దాయన అడిగితే నాన్నగారు వద్దన్నారు. పోయిన దసరాకు మాత్రం బొట్టు ఒక కాగితం మీద పెట్టి, ఆ కాగితాన్ని రివాల్వర్ పక్కన ఉంచారు. నాయనమ్మ ఉంటే ఒప్పుకునేది కాదు.