సియెనాలో సైకిల్ దిగి నడిచావు కదా, అది రాయి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి ఫోన్‌లో, బస్సులో నిలబడి. రెండోసారి ప్రింటు తీయించుకుని, పెన్సిల్ చేత్తో పట్టుకుని. అక్కా అని పిలిచావు కాబట్టి మొహమాటం లేకుండా రాస్తున్నా. చదువుకోడానికి ఇటలీ వెళ్ళినవాడివి, సెలవుల్లో ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ కొనుక్కుని టస్కనీ కొండల్లో ఐదు రోజులు తిరిగి, దాని గురించి తెలుగులో రాద్దామనుకున్నావు చూడు, అదే నాకు బోలెడు సంతోషం. వ్యాసం మాత్రం ఇంకా కుదరలేదు. ఆదివారం ఫోన్‌లో నువ్వు చెప్పింది వేరు, కాగితం మీదికి వచ్చింది వేరు.

ఫోన్‌లో ఏం చెప్పావు? ఫోంటెబ్రాండా ద్వారం గుండా సియెనాలోకి వచ్చి, శాంటా కటెరీనా వీధి ఎక్కలేక సగంలో దిగిపోయానన్నావు. షూ అడుగున పెడల్‌కి బిగుసుకునే క్లీట్లు రాళ్ళ మీద జారుతుంటే ఒక చేత్తో గోడ పట్టుకుని, ఇంకో చేత్తో సైకిల్ తోసుకుంటూ నడిచానన్నావు. పై కిటికీలోంచి ఒక ముసలావిడ ఏదో అరిస్తే సిగ్గేసి తల ఎత్తలేదన్నావు. వ్యాసంలో ఏముంది? ‘సాయంత్రానికి చారిత్రక సియెనా నగరానికి చేరుకున్నాను.’ అంతే! నేను చదవాలనుకున్నదంతా ఆ ‘చేరుకున్నాను’ మింగేసింది.

అది ఆషామాషీ వీధి కాదు. 2007లో మొదలైన స్ట్రాడె బియాంకె, అంటే ‘తెల్ల రోడ్లు’ అనే సైకిల్ పోటీ ఆఖరి కిలోమీటరు ఆ వీధి మీదుగానే పోతుంది. రోజంతా తొక్కి ఒళ్ళంతా దుమ్ము కొట్టుకుపోయిన రేసర్లు, గెలుపేదో అక్కడ తేల్చుకుని, పైన ఊరి నడిమి మైదానం పియాజ్జా డెల్ కాంపోలోకి దిగుతారు. వాలు 16 శాతం దాకా ఉంటుంది. అంటే వంద మీటర్లు ముందుకు పోతే పదహారు మీటర్లు పైకి పోయినట్టు. మన ఫ్లైఓవర్లేవీ దాని దరిదాపుల్లోకి రావు. కాన్సెలారా లాంటి మేటి రేసరు మూడుసార్లు గెలిచిన పోటీ దారిలో నువ్వు దిగి నడిచావు, సరే, అయితే ఏమిటట? పొగాచార్ లాంటి ఛాంపియన్ ఆ వీధి ఎక్కుతుంటే టీవీలో చూసినవాడికి అది చదునుగానే అనిపిస్తుంది. పదహారు శాతమంటే ఏమిటో చదివేవాడికి తెలిసేది నువ్వు సైకిల్ దిగినప్పుడే.

నీకు చెప్తున్నాను గానీ నేనూ ఈ పని చేసినదాన్నే. చాలా ఏళ్ళ కిందట అవే కొండల్లో అద్దె సైకిల్ మీద తిరిగాను. ఇచ్చినవాడు వెనక గేరు సరిచేయకుండానే చేతిలో పెట్టాడు. మిట్ట మొదలవగానే చిన్న గేరుకి మారుస్తానా, చైన్ ఊడి పడేది. దిగడం, వేళ్ళతో ఎక్కించడం, మళ్ళీ తొక్కడం, మళ్ళీ ఊడడం. తిరిగొచ్చి రాసిన వ్యాసంలో చైన్ ఊసే లేదు, అంతా సైప్రస్ చెట్లూ సూర్యాస్తమయాలూనే. అచ్చయ్యాక మా అమ్మ చదివి, పక్కన వేసిన ఫోటో చూసి, ‘అంతా బానే ఉంది గానీ, ఆ చేతికి నల్లగా ఏమిటే?’ అంది. గ్రీజు మరక. పేజీ మొత్తంలో ఆవిడని ఆపింది అదొక్కటే.

ఇక నీ మొదటి వాక్యం. తెలుగుని ‘ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్’ అంటారు కాబట్టి ఇటలీలో అడుగు పెట్టగానే సొంత ఊరికి వచ్చినట్టుంది అని మొదలుపెట్టావు. కొట్టేయ్. ఇటలీ గురించి తెలుగువాడు ఏం రాసినా అక్కడే మొదలవుతుంది, నేనూ రాశాను. నాలుగో పేజీలో ఎక్కడో నువ్వే ఒక మాటన్నావు: మిట్ట ఎక్కుతున్నప్పుడు ఊపిరికొకసారి ‘సలీటా, సలీటా’ అనుకున్నానని. సలీటా అంటే వాళ్ళకి ఎక్కే దారి. మాట చివర అచ్చు ఉంది గనక ఊపిరి వదలడంతో పాటే అదీ బయటికి వచ్చేసిందన్నావు. భాషల పోలిక గురించి ఏమన్నా చెప్పాలనుంటే ఇదిగో ఇది చాలు, ఇది నీ ఛాతీలోంచి వచ్చింది.

కనువిందు అనే మాట మూడుసార్లు వాడావు, ‘పచ్చని తివాచీ’ రెండుసార్లు. నువ్వు వెళ్ళింది అక్టోబరులో. క్రెటె సెనెజి కొండల్లో అప్పటికి గోధుమ ఎప్పుడో కోసేసి, దున్నేసి ఉంటారు. తివాచీ ఎక్కడిది నాయనా? నీ ఫోటోల్లో ఉన్నది బూడిదరంగు బంకమట్టి. క్రెటె అంటేనే బంకమట్టి నేలలు. ట్రాక్టరు తిరగేసిన పెళ్ళలు ఒక్కొక్కటి మోకాలెత్తున ఉన్నాయి. వానపడిన మర్నాడు మట్టి టైరుకి అంటుకుని, బ్రేకు దగ్గర ఇరుక్కుని, చక్రం తిరగకపోతే పుల్లతో గీకానని చెప్పావే, మన రేగడి చేలో బండి దిగబడితే చూసినవాళ్ళు ఆ ఒక్క ముక్కతో ఆ కొండల్ని పట్టేస్తారు. పచ్చదనం గురించి వేరేవాళ్ళు చాలామంది రాశారులే, మేలో వెళ్ళి.

ఇంకో అబద్ధం దొరికింది. పెద్ద అబద్ధమేం కాదు, అందరూ ఆడేదే. దిగుడులో గంటకి యాభై కిలోమీటర్ల వేగంతో పోతూ లోయ అందం, దూరంగా గంట స్తంభం, ద్రాక్షతోటల వరసలు వర్ణించావు. దిగేటప్పుడు ఎవరికి కనబడతాయవి? కళ్ళు రోడ్డు మీద, ముందు మలుపు మీద, ఎక్కడ కంకర పోసుందా అని. బ్రేకులు నొక్కీ నొక్కీ బొటనవేలి మొదలు దగ్గర నొప్పి. లోయ చూసింది నువ్వు పైన ఊరి కుళాయి దగ్గర, సీసా నింపుకుంటూ నిలబడ్డప్పుడు. వర్ణనంతా ఎత్తుకెళ్ళి ఆ కుళాయి దగ్గర పెట్టు. ఎక్కేటప్పుడయితే లోయ లేదు, ఊరు లేదు, తర్వాతి చెట్టు దాకా పోతానా లేదా అన్న టెన్షన్ ఒక్కటే ఉంటుంది.

తెల్ల మట్టిరోడ్ల గురించి నువ్వు రాసిన పేరా నిజానికి బాగుంది. రేకుల కప్పు మీద సైకిల్ తొక్కినట్టుంది అన్నావు, అది ఉంచు. సీసా ఎగిరిపడి పొలంలోకి దొర్లిపోయిందన్నది కూడా ఉంచు. వెంటనే అతికించిన చరిత్ర పేరానే కాపీ కొట్టినట్టుంది. 1997లో గయోలె ఊళ్ళో లెరోయికా అనే సైకిల్ యాత్ర మొదలైందని, 1987కి ముందు నాటి పాత సైకిళ్ళ మీద తొక్కాలని, ఆ రోడ్లని తారు వేయకుండా కాపాడుకోవడానికే అదంతా అని. అన్నీ నిజాలే. చోటే తప్పు. నీ పళ్ళ మధ్య దుమ్ము కరకరలాడుతుండగా, ఎవరన్నా దీనికి తారు వేస్తే ఎంత బాగుండు అని నువ్వు తిట్టుకున్నావు కదా, సరిగ్గా ఆ తిట్టు తర్వాత రానీ: ఈ దుమ్ము పోకూడదనే కొందరు పట్టుబట్టారని. అప్పుడు చదివేవాడు నవ్వుతాడు, తేదీ కూడా గుర్తుపెట్టుకుంటాడు.

చరిత్ర ఎంత పెట్టాలి అని అడిగావు. కొలత నాకూ తెలీదు గానీ, కాళ్ళకి తగిలిన చరిత్ర ముందు రాయి. పియెంజాకి పేజీన్నర ఇచ్చావు: రెండో పయస్ పోపు తను పుట్టిన పల్లెని 1459లో ఆదర్శ నగరంగా తిరిగి కట్టించడం మొదలుపెట్టాడని, యునెస్కో 1996లో గుర్తించిందని. అక్కడ నువ్వు ఉన్నది ఇరవై నిమిషాలు, అందులో పావుగంట జున్ను కొనడానికే పోయింది. రెండు వాక్యాలు చాలు. మోంటాల్చినోకి ఒక్క లైను ఇచ్చావు, అదీ వైన్ గురించి. చెవి మెలెయ్యాలనిపించింది! కింద బువోన్‌కొన్వెంటో 150 మీటర్ల ఎత్తులో ఉంటుంది, పైన మోంటాల్చినో 560 దాటి. మధ్యలో నువ్వు నాలుగుసార్లు ఆగావు. 1555లో సియెనా శత్రువుల చేతికి చిక్కాక, లొంగనివాళ్ళు తమ రిపబ్లిక్‌ని మూటగట్టుకుని వెళ్ళింది ఆ కొండ మీదికే, 1559 దాకా అక్కడే నిలిచారు. నాలుగేళ్ళు ఎలా నిలిచారు అని పుస్తకం చదివినవాడు ఆలోచించాలి గానీ, కిందనుంచి సైకిల్ మీద ఎక్కినవాడు ఆలోచించక్కర్లేదు. ఫిరంగులు లాక్కుంటూ ఆ దారిన వచ్చినవాడి ఊపిరి ఎలా ఉంటుందో నీకు తెలుసు.

ఊళ్ళన్నీ కొండల మీదే ఎందుకు కట్టారు రా బాబూ అని నువ్వు విసుక్కున్న చోటు కూడా అలాంటిదే. శత్రువుల భయం సరే, కింద కియానా లోయ లాంటి చోట్ల చిత్తడి, దోమలు, మలేరియా ఉండేవి. అందుకే నీకు ప్రతి రోజూ ఆఖర్న ఒక మిట్ట మిగిలేది, తిండి పైన, మంచం పైన.

బర్తాలి గురించి రాసింది నాకు బాగా నచ్చింది, అయినా అది గాల్లో వేలాడుతోంది. ఫ్లోరెన్స్ పక్క ఊరివాడు, 1938లోనూ 1948లోనూ టూర్ డి ఫ్రాన్స్ గెలిచినవాడు, యుద్ధకాలంలో యూదుల కోసం దొంగ గుర్తింపు కాగితాలు సైకిల్ గొట్టాల్లో దాచి మోసినవాడు, యూదుల ఊచకోత స్మారక సంస్థ యాద్ వషేమ్ 2013లో గౌరవించినవాడు. ఇదంతా ఫ్లోరెన్స్ రైల్వే స్టేషన్‌లో దిగగానే ఎందుకు చెప్పావు? అషానోలో నీ సీటు కిందికి జారిపోతుంటే ఎలన్ కీ పెట్టి, రాడ్డు మొత్తం బయటికి లాగి, తుడిచి మళ్ళీ బిగించానన్నావు. అప్పుడు గొట్టంలోకి తొంగిచూశావా? నల్లగా, బోలుగా, కాస్త తుప్పు వాసనేస్తూ ఉంటుంది. నాలుగు కాగితాలు చుట్టి పెడితే ఇట్టే పట్టేంత చోటు. బర్తాలిని అక్కడ తలుచుకో. చూడకపోయి ఉంటే ఇప్పుడు విప్పి చూడు, ఆ సైకిల్ ఇంకా నీ దగ్గరే ఉందిగా.

తిండి సంగతి ఒక్క ముక్క. ఆవకాయ గుర్తొచ్చింది అన్న వాక్యం కొట్టేశాను, తిట్టుకోకు. విదేశంలో ఆవకాయని తలుచుకోని తెలుగు యాత్రికుణ్ణి నేనింతవరకు చదవలేదు. ఆ పైలైను మాత్రం బంగారం: టస్కనీ రొట్టెలో ఉప్పు వెయ్యరు, డెబ్భై కిలోమీటర్లు చెమటలు కక్కాక అది తింటుంటే ఏడుపొచ్చింది, అప్పుడు జేబులోని గొర్రెపాల జున్ను ముక్క నాకానని. నాకాను అనే రాయి, రుచి చూశాను అని మార్చకు.

నీ యాప్ లెక్కలన్నీ తీసేయ్. రోజుకింత దూరం, ఇంత ఎత్తు, ఇన్ని క్యాలరీలు. పదహారు శాతం ఉంచు, మోంటాల్చినోకి ఎక్కిన నాలుగు వందల మీటర్లు ఉంచు.

రెండో రాత ఎప్పుడైనా పంపు, తొందరేం లేదు, పరీక్షలు అయ్యాకే. ఈ లోపల ఒక్కటి చెయ్యి. ఆ ముసలావిడ కిటికీలోంచి అరిచిన మాట తిట్టో, ‘తొక్కు తొక్కు’ అన్న ప్రోత్సాహమో నీకు తెలియలేదన్నావు. తెలియకపోతే మానె, చెవిలో ఎలా పడిందో అలాగే తెలుగు అక్షరాల్లో రాసి వాట్సాప్ చెయ్యి. మీ కాలేజీలో ఇటాలియన్ వాళ్ళని ఎవరినీ అడగకముందే పంపు.

ఇట్లు,
అక్క