ఆసిలోస్కోప్‌తో కొలిస్తే సోలార్ సెల్‌లో క్యారియర్ల లైఫ్‌టైమ్ 3 మిల్లీసెకండ్లు వచ్చింది, నమ్మొచ్చా?

వద్దండి. ఎల్‌ఈడీ ఆర్పి, సెల్ వోల్టేజీ పడిపోతుంటే 0.2 వోల్టుల దగ్గర వాలు తీశానన్నారు. అక్కడ మీరు కొలిచింది క్యారియర్ల (వెలుగు పడి పుట్టే ఎలక్ట్రాన్లు, హోల్స్) ఆయుష్షు, అంటే లైఫ్‌టైమ్ కాదు, జంక్షన్ కెపాసిటెన్స్ (సెల్ జంక్షన్ కెపాసిటర్‌లా ఛార్జి దాచుకోవడం) డిశ్చార్జి అవడం. చదరపు సెంటీమీటరు ముక్కకి అది పదుల నానోఫారడ్లు ఉంటుంది. స్కోప్ ఇన్‌పుట్ 1 మెగా ఓమ్ గుండా ఖాళీ కావాలంటే మిల్లీసెకండ్లు పట్టక ఏం చేస్తుంది?

విశాఖలో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి నేను వాడిందీ ఈ పద్ధతే. ఉష్ణోగ్రతను బట్టి ఉండే థర్మల్ వోల్టేజీని సెల్ వోల్టేజీ పడే వేగంతో (వాలుతో) భాగిస్తే లైఫ్‌టైమ్ వస్తుంది, అంతే. పుస్తకాల్లో ఉండే 25.9 మిల్లీవోల్టులు 27 డిగ్రీల లెక్క. ఏసీ లేని గదిలో మే నెలలో 34 డిగ్రీలుండేది, 26.5 వేసుకునేవాణ్ణి. రెండు శాతం తేడాకి బుర్ర పాడుచేసుకోనక్కర్లేదు.

తేలాల్సింది వాలు ఎక్కడ తీయాలన్నదే. 0.5 వోల్టుల పైన గీత తిన్నగా దిగే భాగం చూడండి. అక్కడ 20 మైక్రోసెకండ్లలో 50 మిల్లీవోల్టులు పడితే లైఫ్‌టైమ్ 10.6 మైక్రోసెకండ్లు. అసలు ఒక్క అంకెతో ఆగకుండా, ప్రతి వోల్టేజీ దగ్గరా లెక్కకట్టి గ్రాఫ్ వేయండి. కాస్త మేర బల్లపరుపుగా ఉంటే అది నమ్మదగ్గ విలువ. వోల్టేజీ 60 మిల్లీవోల్టులు తగ్గినప్పుడల్లా ఆ విలువ పదింతలు పెరుగుతుంటే అది కెపాసిటెన్స్ పనే. సముద్రపు గాలి తేమగా ఉన్న రోజుల్లో సెల్ అంచుల లీకేజీ మారి, నాకు తక్కువ వోల్టేజీల భాగం పొద్దున ఒకలా సాయంత్రం ఒకలా వచ్చేది. ఎక్కువ వోల్టేజీల భాగం మాత్రం కదిలేది కాదు.

ఇండికేటర్ ఎల్‌ఈడీతో 0.5 వోల్టులు దాటడం కష్టం. 940 నానోమీటర్ల పవర్ ఎల్‌ఈడీ తీసుకోండి, ఆ కాంతి సిలికాన్ లోపలిదాకా పోతుంది. నీలిది పైపొరలోనే ఆగిపోతుంది. ఆర్పడానికి మాస్‌ఫెట్ (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) వాడాలి. అడాప్టర్ ప్లగ్గు పీకితే లోపలి కెపాసిటర్ వల్ల వెలుగు నెమ్మదిగా తగ్గి, ఆ తగ్గుదలనే మీరు కొలుస్తారు. ట్యూబ్‌లైట్ కూడా ఆపేయండి, సెకండుకి 100 సార్లు మినుకుతుంది.

తయారైన సెల్‌పై వచ్చే విలువలో ఉపరితలంలో, ఎమిటర్‌లో (జంక్షన్‌లో ఒకవైపు ఉండే పలుచని పొర) పోయే క్యారియర్ల వాటా కూడా కలిసే ఉంటుంది. సిలికాన్ లోపలి ఆయుష్షు విడిగా కావాలంటే సింటన్, క్యూవాస్‌లు 1996లో ప్రచురించిన ఫోటోకండక్టెన్స్ (వెలుగుకి పెరిగే వాహకతను కొలిచే) పద్ధతి ఉంది. దానికి లోహపు కాంటాక్టులు లేని, ఉపరితలాన్ని పాసివేట్ చేసిన (అక్కడ క్యారియర్లు పోకుండా పూత వేసిన) వేఫర్, అంటే పలుచని సిలికాన్ పలక కావాలి. ప్యానెల్ నుంచి పీకిన ముక్క పనికిరాదు.